ఇంటి కుట్టుమిషనుపై ఎంబ్రాయిడరీ: కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామాలకు కొన్ని ఆచరణీయ సూచనలు

వ్యవసాయ పత్రికలో, అందునా ఒక సస్యశాస్త్ర అధ్యాపకుడి పేరున, కుట్టుమిషను గురించిన వ్యాసం కనిపించడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. అందుకు కారణం ముందుగా చెప్పవలసి ఉన్నది. కృష్ణా పశ్చిమ డెల్టాలో గత రెండు దశాబ్దాలుగా వరి సాగులో వచ్చిన మార్పులను మనం దిగుబడి, నీటి ఆదా, సాగు ఖర్చు అనే కొలమానాలతో శ్రద్ధగా నమోదు చేశాము. నాట్లకు బదులు నేరుగా విత్తడం, చేతి కలుపుకు బదులు కలుపు మందులు, కొడవలికి బదులు వరికోత యంత్రం ప్రవేశించాయి. కాలువ నీరు ఆలస్యమైన సంవత్సరాలలో నేరుగా విత్తిన పొలమే రైతును ఆదుకున్నది. ఇవన్నీ మేలైన మార్పులే. అయితే మన పట్టికలలో 'కూలి ఖర్చులో ఆదా' అనే వరుస ఒకటి ఉంటుంది. ఆ వరుసలో మనం ఆదా అని రాసిన ప్రతి దినమూ అవతలి ఇంట్లో ఒక స్త్రీ పోగొట్టుకున్న పనిదినం. నాటు, కలుపు, కోత అనే మూడు పనులూ ఈ ప్రాంతంలో ప్రధానంగా స్త్రీలవి. ఆ వరుసను రాసినవారిలో నేనూ ఒకడిని.

తెనాలికి సమీపంలోని నందివెలుగు, పరిసర గ్రామాల్లో తిరిగేటప్పుడు పొలం గట్టున కాక ఇంటి అరుగు మీద ఎదురైన ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం. ఈ ఊరి పేరుతో గుంటూరు నగరంలో ఒక రోడ్డే ఉన్నది. అటు మంగళగిరి నేత, ఇటు తెనాలి బట్టల కొట్లు, కొంచెం దూరంలో విజయవాడ వస్త్రలత టోకు బజారు అందుబాటులో ఉన్నాయి. రవికల మీద పూలపని చేయించుకోని పెళ్ళి నేడు పల్లెలలోనూ అరుదు. గిరాకీ ఉన్నది, ఇంట్లో మిషను ఉన్నది, చేతిలో ఖాళీ పడిన దినాలు ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే పరిజ్ఞానం మాత్రం ఊరికి పూర్తిగా చేరలేదు. బట్ట, నూలు, గంజి, తేమ, నూనె, పని కాలపట్టిక, ఖర్చు లెక్క అనేవి మన శాస్త్రానికి పరాయి విషయాలు కావు.

పని కాలం, పంట కాలం

కొన్నేళ్ళ క్రితం ఒక మహిళా శిక్షణ కార్యక్రమానికి తేదీలు సూచించే బాధ్యత నాపై పడింది. అప్పటికి నాకు తోచినట్లు ఆగస్టు మొదటి పక్షాన్ని ఎంపిక చేశాను. మొదటి రోజు ముప్పై మంది వచ్చారు, నాలుగో రోజుకు పదకొండు మంది మిగిలారు. ఒకామె సెలవు తీసుకుంటూ, "నాట్లప్పుడే పాఠం పెట్టారేమిటండీ సారూ, మీరు వ్యవసాయం వారే కదండీ" అని అడిగింది. పాఠ్యాంశంగా పంటల కాలపట్టికను ఏళ్ళ తరబడి బోధించిన నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ ప్రాంతపు పట్టికను ఒకసారి గుర్తు చేసుకుందాం. కాలువలకు నీరు వచ్చాక జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు పడతాయి. సెప్టెంబరు మధ్య వరకూ కలుపు పని ఉంటుంది. నవంబరు, డిసెంబరులలో కోతలు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుము చల్లుతారు, లేదా కోత తరువాత దుక్కి లేకుండా మొక్కజొన్న, జొన్న వేస్తారు. మినుము ఫిబ్రవరి, మార్చిలలో చేతికి వస్తుంది. మొక్కజొన్న వేసవి మొదట్లో వస్తుంది. కనుక నికరంగా ఖాళీ ఉండేది సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు, తిరిగి ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ వరకు.

గిరాకీ పట్టిక వేరుగా ఉంటుంది. శ్రావణమాసపు పెళ్ళిళ్ళు, వరలక్ష్మీవ్రతం, దసరా, సంక్రాంతి, వేసవి ముహూర్తాలు దాని శిఖరాలు. వీటిలో శ్రావణం సరిగ్గా నాట్ల మీద పడుతుంది. సంవత్సరంలో అత్యధిక ధర పలికే పక్షంలోనే పొలంలో కూలి రేటు కూడా అత్యధికంగా ఉంటుంది. ఈ ఢీ నుంచి తప్పించుకునే మార్గం ఒకటే కనిపిస్తున్నది. ముహూర్తాలు లేని ఆషాఢంలో, అంటే జూన్, జూలై నెలల్లో, చేతులకు పట్టీలు, వీపు భాగానికి బుటాలు, మెడ అంచుకు తీగలు కుట్టిన రవిక ముక్కలను ముందుగానే సిద్ధం చేసి ఉంచుకోవడం. కొలత తీసుకుని కుట్టే పనిని దర్జీకి వదిలివేస్తే, శ్రావణంలో మనిషి పొలంలో ఉన్నా సరుకు అమ్ముడవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం వంటి నిలకడగల రంగులను ఇందుకు ఎంచుకోవాలి. నాటి సినిమా రంగును ఆషాఢంలో ఊహించి నిల్వ చేయడం జూదమే.

బట్టను ముందు తడపాలి

ఇంటి ఎంబ్రాయిడరీలో అధిక భాగం ఫిర్యాదులు మొదటి ఉతుకు తరువాత వస్తాయి. పువ్వు చుట్టూ బట్ట ముడతలు పడి, కుట్టు పొంగినట్లు కనిపిస్తుంది. కుట్టినామెకు పని రాదని అందరూ అనుకుంటారు. దోషం ఆమె చేతిలో లేదు. నూలు బట్ట నేతలోను, తరువాతి ప్రక్రియల్లోను సాగదీతకు గురై ఉంటుంది. నీరు తగలగానే పోగులు ఉబ్బి, బట్ట తన సహజ స్థితికి కుదించుకుంటుంది. పైన కుట్టిన పాలిస్టరు దారం కుదించుకోదు. పొడవు తగ్గని దారం పొట్టి అయిన బట్ట మీద మిగులుతుంది. ముడత అనేది ఆ తేడాయే. కాబట్టి మంగళగిరి నూలు బట్టయినా, చీరాల బట్టయినా, మిల్లు బట్టయినా, ముందుగా మామూలు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, తడి ఇంకా కొంచెం ఉండగానే ఇస్త్రీ చేసి ఆపైన కుట్టాలి. పట్టుకు, సింథటిక్ బట్టకు ఈ అవసరం లేదు. పట్టును తడిపితే మెరుపు చెడుతుంది కూడా.

మంగళగిరి బట్ట విషయంలో ఇంకొక సౌలభ్యం ఉన్నది. గుంట మగ్గంపై దట్టంగా నేసిన ఆ బట్టకు నిజాం అంచు తప్ప ఒంటి భాగంలో నేత డిజైను సాధారణంగా ఉండదు. సమతలమైన పొలంలాగా అది సూదికి అనుకూలం. పడుగు, పేక పోగులు ఫ్రేము అంచులకు సమాంతరంగా ఉండేటట్లు బిగించాలి. ఐమూలగా బిగించిన బట్ట కుట్టేటప్పుడు సాగి, ఫ్రేము తీసిన వెంటనే వెనక్కి ముడుచుకుంటుంది.

రవిక మెడకు, చేతులకు పని చేసేటప్పుడు బట్టను ముందుగా కత్తిరించరాదు. కొలత గీత మాత్రం గీసుకుని, కుట్టు పూర్తి చేసి, ఇస్త్రీ చేసి, గీతను మళ్ళీ కొలిచి, తరువాతే కత్తిరించాలి. దట్టమైన కుట్టు బట్టను కొద్దిగా లోపలికి లాగుతుంది. ముందే కత్తిరించిన చేయి ఆ మేరకు బిగుతు అవుతుంది.

డిజైను దింపడానికి మన ప్రాంతంలో ట్రేసింగు కాగితాన్ని సూదితో గుచ్చి, నీలిమందునో తెల్లపొడినో కిరసనాయిలులో కలిపి పైన అద్దడం అలవాటు. ఈ పని పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి. గీత పూర్తిగా ఆరాక గాని ఇస్త్రీ పెట్టె దగ్గరకు బట్టను తీసుకుపోరాదు. ఏ గుర్తునైనా ముందుగా బట్ట మూల మీద వేసి ఉతికి చూడాలి, ఇస్త్రీ వేడికి కొన్ని గుర్తులు శాశ్వతంగా నిలిచిపోతాయి.

గంజి, కాగితం, బక్రం

సూది నిమిషానికి వందల సార్లు దిగుతూ బట్టను కిందికి తోస్తుంది. మెత్తని బట్ట ఆ దెబ్బకు నిలవదు. అందుకే కింద ఒక ఆధారం అవసరం. బజారులో చింపి తీసివేసే కాగితం, కత్తిరించి మిగతాది లోపలే ఉంచే నాన్‌వోవెన్ బట్ట, నీటిలో కరిగే పొర అని మూడు రకాలు దొరుకుతాయి. సాగే బట్టకు కత్తిరించే రకం, గట్టి నేత బట్టకు చింపే రకం, అడుగు కనిపించే నెట్టు, ఆర్గంజా బట్టలకు కరిగే రకం సరిపోతాయి. సాగే బట్టకు చింపే కాగితం వాడడం తరచుగా జరిగే పొరపాటు. రెండు ఉతుకులకు కాగితం పోయి పువ్వు వంకర తిరుగుతుంది.

గట్టి నూలు బట్టపై పలుచని పనికి మాత్రం మనకు ఇంటిలోనే ఒక ఆధారం ఉన్నది, అది గంజి. ఇక్కడ సస్యశాస్త్రం కొంత పనికివస్తుంది. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే రెండు భాగాలుంటాయి. అమైలోజ్ తీగవలె నిటారైన అణువు కావడంతో ఆరినప్పుడు గట్టి పొర ఏర్పరుస్తుంది. కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్ జిగటనిస్తుంది. అన్నం పొడిపొడిగా ఉండే రకాలలో అమైలోజ్ ఎక్కువ, ముద్దయ్యే రకాలలో తక్కువ. బాపట్ల పరిశోధనా స్థానం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, ఈ ఇళ్ళలో నిత్యం వండే బియ్యం. దాని గంజి బట్టకు చక్కని బిగువునిస్తుంది. అన్నం వార్చే అలవాటు కుక్కర్లతో పోయింది గనుక, పిండిని నీటిలో కలిపి విడిగా కాచుకోవలసి ఉంటుంది. సగ్గుబియ్యపు గంజి దాదాపు పారదర్శకంగా ఆరుతుంది. ముదురు రంగు బట్టలపై తెల్లని చారలు కనిపించకూడదనుకుంటే అదే మేలు.

గంజిని పలుచని బట్టతో వడకట్టాలి. చిక్కగా ఒకేసారి పెట్టడం కన్నా పలుచగా రెండుసార్లు పెట్టి, ప్రతిసారీ ఆరనిచ్చి, కొద్దిగా నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తే బట్ట దళసరి కాగితంలా నిలుస్తుంది. మరీ చిక్కనైన గంజి సూదికి అంటి కుట్టు తప్పిస్తుంది. పని పూర్తయిన ముక్కను గంజితోనే పెట్టెలో నిల్వ చేయడం తగదు. వానకాలపు తేమలో గంజికి బూజు పడుతుంది, బొద్దింకలు, వెండిచేపలనే పురుగులు దానికోసమే వస్తాయి. ఆషాఢపు నిల్వకు ఇది ముఖ్యమైన జాగ్రత్త. కుట్టిన తరువాత ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గంజి లేకుండా మడిచి పెట్టాలి.

దారం

ఎంబ్రాయిడరీ దారాల డబ్బాపై 40 అనే అంకె సాధారణంగా ఉంటుంది. ఈ అంకె పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. నూలు కౌంటుతో పరిచయమున్న మన విద్యార్థులకు ఇది వెంటనే బోధపడుతుంది. పైన 40, బాబిన్‌లో 60 లేదా 90 వాడితే అడుగుభాగం దళసరి కాకుండా ఉంటుంది.

బజారులో మెరిసే దారాలు ప్రధానంగా రెండు, రేయాన్, పాలిస్టరు. కొట్టువాడు రెండింటినీ 'సిల్కు దారం' అనే అమ్ముతాడు. రేయాన్ చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజు. పత్తి కూడా సెల్యులోజే. అయినా తడిసినప్పుడు వీటి ప్రవర్తన పూర్తిగా భిన్నం. పత్తి దారం తడిసినప్పుడు బలం పుంజుకుంటుంది. రేయాన్ తడిసినప్పుడు తన బలంలో మూడో వంతు నుంచి సగం దాకా కోల్పోతుంది. కాబట్టి వారం వారం ఉతికి, బండకు బాదే నూలు రవికకు రేయాన్ పూలు పనికిరావు. పట్టు రవికకు, గోడకు తగిలించే పనికి దాని మెరుపు సాటిలేనిది. పిల్లల గౌన్లు, దిండు గలీబులు, నిత్యం కట్టే రవికలకు పాలిస్టరే నమ్మకం. రెండింటినీ గుర్తించడానికి ఒక జానెడు దారాన్ని తడిపి, పొడి దారంతో పోల్చి తెంపి చూస్తే చాలు. తడి దారం సులభంగా తెగితే అది రేయాన్.

నూలు దారంతో పని చేయదలచినవారు మెర్సరైజ్ చేసినదానినే కొనాలి. 1844లో జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు కాస్టిక్ సోడాలో నూలు పోగు ఉబ్బి గుండ్రనవడం గమనించాడు. తరువాతి కాలంలో పోగును లాగిపట్టి ఆ పని చేస్తే మెరుపు కూడా వస్తుందని తెలిసింది. పొడవైన పింజతో తీసిన దారానికి నూగు తక్కువ. మన దేశంలో 1974లో విడుదలైన సువిన్ వంటి అతి పొడవు పింజ రకాల విలువ ఇక్కడే తెలుస్తుంది. పొట్టి పింజ దారం వాడితే బాబిన్ కేసు చుట్టూ రోజుకొక చిటికెడు నూగు పేరుకుంటుంది, కుట్టు తప్పుతుంది.

రంగు దిగుతుందో లేదో అని దారాన్ని తడిపి, తెల్లని నూలు గుడ్డ మడతలో ఉంచి, ఇస్త్రీ పెట్టెతో నొక్కి చూడాలి. ఎరుపు, మెరూన్ రంగులకు ఈ పరీక్ష చేయకుండా తెల్ల బట్ట మీద కుట్టడం సాహసం.

మామూలు మిషనుపై పని

కంప్యూటర్ మిషను లేనిదే ఎంబ్రాయిడరీ సాధ్యం కాదనే అపోహ గ్రామాలలో బలంగా ఉన్నది. కాలుతో తొక్కే నల్లని మిషనుతోనే తీగలు, ఆకులు, పూరేకుల నింపుడు చక్కగా చేయవచ్చు. ముందుగా అడుగున బట్టను నెట్టే పళ్ళను కిందికి దించాలి. దించే ఏర్పాటు లేని పాత మిషనులో పళ్ళపై ఒక పలుచని పలకను బిగించాలి. ప్రెస్సర్ ఫుట్ తీసివేసినా, లేక స్ప్రింగుతో ఉన్న ఎంబ్రాయిడరీ ఫుట్ అమర్చినా, దాని మీట మాత్రం తప్పక దించి ఉంచాలి. ఫుట్ లేదుగదా అని మీటను ఎత్తి ఉంచితే పై దారానికి బిగువు అందక, అడుగున దారం చిక్కుముడి పడుతుంది. కొత్తవారు మొదటి రోజే నిరాశపడి మానుకోవడానికి ఈ ఒక్క మీట కారణం కావడం నేను చాలాసార్లు చూశాను.

ఫ్రేము బిగింపు చేతి పనికి తలకిందులు. చేతి ఎంబ్రాయిడరీలో చిన్న రింగు బట్ట కింద ఉంటుంది. మిషనుకు పెద్ద రింగును కింద ఉంచి, దానిపై బట్టను ముఖం పైకి వచ్చేట్లు పరచి, చిన్న రింగును లోనికి నొక్కాలి. అప్పుడే బట్ట మిషను పలకకు ఆని ఉంటుంది. చిన్న రింగుకు నూలు పీలిక చుడితే పట్టు జారదు. బట్టపై వేలితో తట్టితే డప్పులా మోగాలి, అయితే పోగులు వంకర పోయేటంత లాగరాదు.

మొదటి కుట్టుకు సూదిని ఒకసారి దించి లేపి, బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాలనూ చేతితో పట్టుకుని, అక్కడికక్కడే రెండు మూడు కుట్లు వేసి కదలాలి. పై దారపు బిగువును మామూలు కుట్టు కన్నా కొద్దిగా తగ్గించాలి. అడుగుభాగాన్ని తిప్పి చూసినప్పుడు పై దారపు రంగు కొంచెం కనిపించాలి. పైభాగంలో మాత్రం బాబిన్ దారం ఎక్కడా కనిపించరాదు. బాబిన్ బిగువును తెలుసుకోవడానికి కేసును దారంతో వేలాడదీసి చిన్నగా విదిలించాలి. కొంచెం జారి ఆగితే సరి. జారకుంటే బిగుతు, జర్రున నేలదాకా దిగితే వదులు. కేసు మీది చిన్న మరను పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పరాదు.

ఇక అసలైన నైపుణ్యం కుట్టు పొడవు. మామూలు కుట్టులో పళ్ళు బట్టను ప్రతిసారీ ఒకే దూరం నెడతాయి. విత్తన గొర్రులో నేలచక్రం తిరిగినంత మేరకే గింజ రాలుతుంది కాబట్టి నడక వేగం మారినా గింజల ఎడం మారదు. పళ్ళు దించిన మిషను నేలచక్రం లేని గొర్రు వంటిది. కాలి వేగానికి, చేయి ఫ్రేమును కదిపే వేగానికి ఉన్న నిష్పత్తే కుట్టు పొడవును నిర్ణయిస్తుంది. కొత్తవారు కాలు నెమ్మదిగా, చేయి వేగంగా కదుపుతారు. దానితో కుట్లు పొడుగై, సూది వంగి విరుగుతుంది. కాలు వేగంగా, నిలకడగా, చేయి నెమ్మదిగా ఉండాలి. పాత చీర ముక్కపై వారం రోజులు 'అ' నుంచి 'ఱ' దాకా అక్షరాలు కుట్టించడం మంచి అభ్యాసం. తెలుగు అక్షరంలోని వంపులన్నీ వస్తే ఏ తీగకైనా చేయి తిరుగుతుంది.

సూది సంఖ్య పలుచని బట్టకు 11, సాధారణ నూలుకు 14. కొట్టులో అడగకుండా ఇచ్చే 16 సూది జీన్సుకు, దళసరి బట్టకు తప్ప ఈ పనికి రంధ్రాలు పెద్దవి చేస్తుంది. మొన వంగిన సూది టక్ టక్ మని శబ్దం చేస్తుంది. దానిని వెంటనే మార్చాలి. వేళ్ళు ఎప్పుడూ ఫ్రేము అంచున ఉండాలి, లోపల కాదు.

తేమ, ఉప్పుగాలి, నూనె

బాపట్ల, రేపల్లె వైపు ఊళ్ళలో సముద్రపు గాలికి సూదులు, బాబిన్ కేసు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు మరక తెల్ల బట్టపై పడితే పోదు. పని ముగిశాక సూదిని తీసి, నూనె అద్దిన గుడ్డలో గుచ్చి ఉంచడం, ఉదయం మొదట పనికిరాని గుడ్డపై పది కుట్లు వేయడం మేలు. జరీ దారాన్ని గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి.

మిషనుకు కొబ్బరినూనె, వంటనూనె వేసే అలవాటు ఇంకా ఉన్నది. గింజల నూనెలు గాలి తగిలి క్రమంగా జిగురుగా మారతాయి. ఆ జిగురుకు నూగు అంటుకుని మిషను బిగుసుకుపోతుంది. మిషను నూనె ఖనిజ నూనె, దానికి ఆ గుణం లేదు. నూగును కుంచెతో దులిపాకే నూనె వేయాలి.

కంప్యూటర్ మిషను కొనేముందు

ఇంటికి సరిపడే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు ఒక్క సూదితో పనిచేస్తాయి. రంగు మారినప్పుడల్లా దారాన్ని చేతితోనే మార్చాలి. దుకాణంలో చూపే వేగానికి, ఇంట్లో వచ్చే పనికి తేడా ఇక్కడే వస్తుంది. ఒక డిజైనులో 20,000 కుట్లు ఉన్నాయనుకుందాం. నిమిషానికి 600 కుట్లు వేస్తే లెక్క ప్రకారం 33 నిమిషాలు. ఎనిమిది రంగులుంటే ఒక్కొక్క మార్పుకు రెండు నిమిషాలు, మధ్యలో బాబిన్ ఒకసారి, దారం తెగడం రెండుసార్లు, ఫ్రేము బిగింపుకు పది నిమిషాలు. గంటకు ఒక ముక్క వస్తే బాగా వచ్చినట్లే. ఫ్రేము కొలత ముందే చూసుకోవాలి. నాలుగు అంగుళాల చదరపు ఫ్రేములో రవిక వీపు డిజైను పట్టదు, ముక్కలుగా కుట్టి కలపడం కొత్తవారికి కష్టం. ఒక్కొక్క కంపెనీ మిషను ఒక్కొక్క రకం ఫైలునే చదువుతుంది, పి.ఇ.ఎస్., జె.ఇ.ఎఫ్., డి.ఎస్.టి. వంటివి. డిజైన్లు కొనేముందు ఈ సంగతి అడగాలి. కరెంటు పోయినప్పుడు ఆగినచోటి నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ఉన్నదో లేదో, మరమ్మతు చేసే మనిషి తెనాలిలోనో గుంటూరులోనో ఉన్నాడో లేడో ధర కన్నా ముందు తెలుసుకోవలసిన విషయాలు.

అప్పు చేసి మిషను కొనమని మొదటి సంవత్సరమే ఎవరికీ సలహా ఇవ్వరాదని నా అభిప్రాయం. ఆరు నెలలు మామూలు మిషను మీదనో, పీకోకు వాడే జిగ్‌జాగ్ మిషను మీదనో పనిచేసి, ఊళ్ళో నిలకడగా ఎన్ని ముక్కలు అమ్ముడవుతున్నాయో నోటుపుస్తకంలో రాసుకున్న తరువాతే ఆ మాట.

ధర

మా అమ్మకు కాలి మిషను ఉండేది. వీధిలో సగం ఇళ్ళ దిండు గలీబులపై ఆమె కుట్టిన చిలుకలే. ఎవరైనా డబ్బు ఇవ్వబోతే, "తీరిక వేళ కుట్టానమ్మా, దానికి డబ్బులేమిటి" అనేది. దారం కూడా మా ఇంటిదే. అది ఆమె మంచితనమని చాలాకాలం అనుకున్నాను.

పశ్చిమ గోదావరి నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ విపణికి సరుకు తయారు చేస్తూ, రోజులో అనేక గంటలు అల్లుతున్న ఆ స్త్రీలను అందరూ గృహిణులుగానే లెక్కించారు. వారి పని తీరిక వేళ కాలక్షేపంగా పరిగణించబడింది. అందుకే వారికి దక్కిన కూలి అత్యల్పం, లాభం వర్తకులది. విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణ కరపత్రాలలో 'ఖాళీ సమయంలో అదనపు ఆదాయం' అనే మాట రాసేముందు ఆ పుస్తకాన్ని ఒకసారి చదవవలసి ఉన్నది. ఈ వ్యాసంలో నేను కూడా ఖాళీ దినాలు అన్నాను. పొలంలో పని లేని దినం అనే అర్థంలోనే దానిని గ్రహించాలి, విలువ లేని దినమని కాదు.

ఇటువంటి అనుభవం ఐరోపాలోనూ ఉన్నది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో తూర్పు స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్, అప్పెన్‌జెల్ ప్రాంతాల రైతుల ఇళ్ళలోకి ఎంబ్రాయిడరీ యంత్రాలు వచ్చాయి. పశువులను చూసుకుంటూనే మగవారు యంత్రం నడిపేవారు, ఆడవారు, పిల్లలు సూదులకు దారం ఎక్కించేవారు. ఎగుమతి వ్యాపారికి, ఇంటికి మధ్య దళారి ఉండేవాడు. డిజైను అతనిదే, ధర అతనిదే, తప్పు పట్టి కోత వేసేదీ అతనే. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఫ్యాషను మారి గిరాకీ పడిపోయినప్పుడు ఆ ప్రాంతమంతా కుదేలయింది. ఒకే కొనుగోలుదారుపై, ఒకే ఫ్యాషనుపై ఆధారపడడం ఒకే రకం విత్తనంతో ఊరంతా నింపడం వంటిదని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ధర లెక్కకు మనకు కొత్త సూత్రం అవసరం లేదు. వరి మద్దతు ధర గురించి మాట్లాడేటప్పుడు ఎ2, ఎ2 కలిపి ఎఫ్.ఎల్., సి2 అని మనం వాదించుకుంటాము. ఎ2 అంటే చేతి నుంచి వెళ్ళిన ఖర్చు. ఎఫ్.ఎల్. అంటే కుటుంబ శ్రమకు కట్టిన విలువ. దీనినే రవిక ముక్కకు వర్తింపజేయాలి. బట్ట, దారం, ఆధారపు కాగితం, సూదులు, కరెంటు ఎ2 లోకి వస్తాయి. మిషను ధరను అది పనిచేసే ఏళ్ళతోను, ఏడాదికి కుట్టే ముక్కలతోను భాగించి ఆ తరుగును కూడా అందులో కలపాలి. ఊళ్ళో ఆ నెలలో నడుస్తున్న కలుపు కూలిని పొలంలో పనిచేసే గంటలతో భాగిస్తే గంట విలువ వస్తుంది. ముక్కకు పట్టిన గంటలతో దానిని గుణించాలి. డిజైను దింపడం, బట్ట తడపడం, గంజి పెట్టడం, దారపు కొసలు కత్తిరించడం కూడా గంటలే. సాధారణంగా వీటిని ఎవరూ లెక్కించరు. ఈ మొత్తానికి తక్కువగా ఇచ్చే బేరాన్ని ఒప్పుకుంటే ఆమె కలుపు కూలి కన్నా తక్కువకు నైపుణ్యాన్ని అమ్మినట్లు. కొలత ఇచ్చి చేయించుకునేవారి నుంచి దారం ఖర్చును ముందుగా తీసుకోవడం మర్యాదకు లోటు కాదు.

ఆగస్టులో శిక్షణ మధ్యలో వెళ్ళిపోయినామెను ఆ తరువాత అక్టోబరులో పెట్టిన తరగతిలో మళ్ళీ చూశాను. ఆమె నోటుపుస్తకంలో ఎడమవైపు తేదీ, డిజైను, పట్టిన గంటలు ఉన్నాయి. కుడివైపు మూడు చోట్ల 'పెద్దమ్మ గారింటికి, ఊరికే' అని ఉన్నది. ఆ మూడింటికీ గంటలు మాత్రం రాయలేదు. ఊరికే ఇచ్చినదానికి కూడా గంటలు రాయమని, డబ్బు గడిలో సున్న పెట్టమని చెప్పాను. అలా రాసిన పుస్తకాలు ప్రతి శిక్షణ నుంచీ ఐదారైనా ఏడాది పొడుగునా సేకరించగలిగితే, సాగు ఖర్చు పట్టికలలో ఆదా అని రాసిన వరుస పక్కన పెట్టడానికి మనకు ఒక అంకె దొరుకుతుంది.